విశాఖలో రాత్రి బస: గదికంటే ముందు మనుషుల్ని లెక్కపెట్టండి

దసరా ముందు బొగ్గుబాయి లాభాల వాటా ఖాతాలో పడింది. పిల్లలు ఎన్నాళ్ళ నుంచో సముద్రం, సముద్రం అంటున్నారు. నాలుగు రోజులు లీవు పెట్టారు. వరంగల్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖకు బెర్తులు కూడా దొరికాయి. సంచులు సర్దుతూ ఇంటావిడ అడిగింది: "అక్కడ రాత్రికి ఏడుంటం?"

మీరేమన్నారు? "పోయినంక చూసుకుందాం తియ్, అంత పెద్ద ఊర్ల లాడ్జీలకు కరువా!" అన్నారా?

ఈ మాట నేను గోదావరిఖనిలో, యైటింక్లైన్ కాలనీలో, జ్యోతినగర్‌లో చాలా ఇళ్ళల్లో విన్నాను. రైలు టికెట్టు 60 రోజుల ముందు నుంచి కనిపెట్టుకుని ఉంటాం. పిల్లల బట్టలు, పులిహోర, చుట్టాలకు తేవాల్సిన జీడిపప్పు, అన్నీ ముందే అనుకుంటాం. ఇరవై నాలుగు గంటల్లో పది గంటలు గడిపే చోటును మాత్రం రైలు దిగాక ఎవరో ఆటో అతను నిర్ణయించేదాకా వదిలేస్తాం. ఎందుకని?

ఆ తప్పు నేనూ చేశాను. మా నాన్న కోల్‌ఫిల్లర్. తట్టా చెమ్మస్ పట్టిన చేతులు, ముప్పై ఏళ్ళు ఇంక్లైన్ దిగి ఎక్కిన మోకాళ్ళు. రిటైరయ్యాక మొదటిసారి సముద్రం చూపిద్దామని విశాఖ తీసుకెళ్ళాను. తెల్లారగట్ల స్టేషన్‌లో దిగాం. ఆటో అతను తీసుకెళ్ళిన లాడ్జీలో మూడో అంతస్తులో గది ఇచ్చారు. లిఫ్టు లేదు. మొదటి రోజు సాయంత్రం నాన్న దిగి, బీచి చూసి, మెట్లెక్కి వచ్చి, మంచం మీద కూర్చుని చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. తర్వాతి రెండు రోజులూ, "మీరు పోయి రాండ్రి బిడ్డా, నేనీడ్నే కూసుంట" అన్నాడు. అంత దూరం వెళ్ళి ఆయన సముద్రం చూసింది ఒక్కసారే. గది అద్దె తక్కువని ఆ రోజు నేను సంతోషించాను. ఆ తక్కువలో ఏం పోయిందో ఇంటికొచ్చాకగానీ అర్థం కాలేదు.

అందుకే ఈ అధ్యాయంలో సముద్రం గురించి తక్కువ, మెట్ల గురించి ఎక్కువ చెబుతాను.

1. ముందు ఒక కాగితం తీసుకోండి

ఫోన్‌లో హోటళ్ళ ఫోటోలు తెరవకముందు, వస్తున్నవాళ్ళ పేర్లు కాగితం మీద రాయండి. ఒక్కో పేరు పక్కన రాత్రి పడుకోవడానికి ఆ మనిషికి ఏం కావాలో రాయండి. అమ్మకు మోకాళ్ళు, కింద కూర్చునే మరుగుదొడ్డి కుదరదు. నాన్నకు ఆయాసం. చిన్నదానికి రాత్రి పాలు వేడి చేయాలి. పెద్దోడికి ఏమీ అక్కర్లేదు, ఛార్జింగ్ ప్లగ్గు చాలు.

ఆ కాగితంలో ఎవరి పేరు పక్కన ఎక్కువ రాశారో, ఆ మనిషి కోసం గది వెతకండి. ఆ మనిషికి సరిపోయిన గది మిగతావాళ్ళకు సరిపోతుంది. పెద్దోడికి నచ్చిన గది అమ్మకు సరిపోతుందని మాత్రం అనుకోకండి.

ఆ కాగితం మీద మీ పేరు రాశారా? చాలామంది మగవాళ్ళు మరిచిపోతారు. బయల్దేరే ముందు వారమంతా నైట్ షిఫ్టు చేసి, పొద్దున బాయి మీంచి వచ్చి, స్నానం చేసి, ఆ సాయంత్రమే రైలెక్కినవాళ్ళు మీలో ఎందరు? మీ ఒళ్ళు ఇంకా పగలు పడుకునే లెక్కలోనే ఉంటుంది. మొదటి రోజు మధ్యాహ్నం మీకు నిద్ర ఆగదు. రోడ్డు మీదికి తెరుచుకునే కిటికీ, పలచటి తెర, కింద హారన్లు ఉంటే ఆ నిద్ర పట్టదు, ఆ చిరాకు సాయంత్రం పిల్లల మీద పడుతుంది. అలాంటప్పుడు మీకు కావలసింది వెనకవైపు, చీకటిగా, నిశ్శబ్దంగా ఉండే గది. సముద్రం కనిపించకపోయినా సరే.

2. రైలు దిగే గంటకూ గది గంటకూ పొత్తు కుదర్చండి

మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళకు ఇదే పెద్ద చిక్కు. సాయంత్రం వరంగల్‌లో గోదావరి ఎక్కితే తెల్లవారేసరికి విశాఖలో దిగుతాం. చాలా హోటళ్ళలో గది ఇచ్చేది మధ్యాహ్నం పన్నెండుకు. ఆ ఆరు గంటలు పిల్లలతో, ముసలివాళ్ళతో, సంచులతో ఎక్కడ ఉంటారు? ఆటో అతని మాటకు మనం తలూపేది ఆ అలసటలోనే.

దీనికి మూడు దారులున్నాయి.

ఒకటి, ఇరవై నాలుగు గంటల లెక్కన గది ఇచ్చే లాడ్జీ చూసుకోవడం. ఆరింటికి దిగితే మర్నాడు ఆరింటిదాకా గది మీదే. స్టేషన్, ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల ఇలాంటివి దొరుకుతాయి. మీ తిరుగు రైలు సాయంత్రమైతే మాత్రం లెక్క మళ్ళీ వేసుకోండి. పొద్దున ఆరింటికే గది ఖాళీ చేసి రోజంతా సంచులు మోయాల్సి వస్తుంది.

రెండు, మధ్యాహ్నం పన్నెండుకు గది ఇచ్చే హోటలే నచ్చితే ముందుగా ఫోన్ చేసి, పొద్దున వస్తే గది ఇస్తారా, దానికి సగం రోజు అద్దె కలుపుతారా అని అడగడం. ముసలివాళ్ళు ఉన్నారంటే ఆ సగం అద్దె కట్టేయండి. దండగ అనుకోకండి.

మూడు, స్టేషన్‌లోనే రిటైరింగ్ రూం. ఖాయమైన టికెట్టు ఉంటే దాని పీఎన్‌ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీలో ముందే బుక్ చేసుకోవచ్చు. తక్కువ గదులు ఉంటాయి కాబట్టి టికెట్టు ఖాయమైన రోజే చూడండి. స్నానాలు, కాసేపు నడుం వాల్చడం అక్కడ కానిచ్చి, సంచులు క్లోక్‌రూంలో పెట్టి, పన్నెండుకు అసలు గదికి వెళ్ళొచ్చు. క్లోక్‌రూంలో తాళం లేని సంచి తీసుకోరు. ఇంటి నుంచే చిన్న తాళాలు పట్టుకెళ్ళండి.

3. హోటల్ కాదు, ముందు పేట ఎంచుకోండి

విశాఖ మన ఖనిలాగా ఒక చౌరస్తా చుట్టూ తిరిగే ఊరు కాదు. కొండలకూ సముద్రానికీ మధ్య పొడుగ్గా సాగింది. ఒక చివర యారాడ, డాల్ఫిన్స్ నోస్ కొండ. ఇంకో చివర భీమిలి. ఎక్కడ దిగారన్నదాన్నిబట్టి మీ నాలుగు రోజులు మారిపోతాయి. నేను తిరిగి చూసినంతలో ఇలా చెబుతాను.

స్టేషన్ పక్కన దొండపర్తి, రైల్వే న్యూకాలనీ. ఇక్కడ అందం ఆశించకండి. అరకు వెళ్ళే ఉద్దేశం ఉంటే మాత్రం ఒక్క రాత్రికి ఇదే సరైన చోటు. అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ రైలు పొద్దున ఏడుకు ముందే కదులుతుంది. రుషికొండలో పడుకుని, నాలుగింటికి పిల్లల్ని లేపి, పదిహేను కిలోమీటర్లు ఆటోలో పరిగెత్తడం ఎందుకు? అరకు ముందు రాత్రి స్టేషన్ దగ్గర, మిగతా రాత్రులు సముద్రం దగ్గర ఉండండి. బస మార్చడానికి బద్ధకించకండి.

ఆర్టీసీ కాంప్లెక్స్, ద్వారకానగర్, డాబాగార్డెన్స్, జగదాంబ. ఊరికి నడిబొడ్డు. మెస్సులు, మందుల షాపులు, బట్టల షాపులు అన్నీ నడిచే దూరంలో ఉంటాయి. సింహాచలానికి, కైలాసగిరికి, భీమిలికి ఎటు వెళ్ళాలన్నా బస్సు దొరుకుతుంది. సముద్రం రెండు మూడు కిలోమీటర్ల దూరం. నలుగురైదుగురు కలిసి వెళ్ళి, పొద్దంతా ఊరు తిరిగి, రాత్రికి పడుకోవడానికి మాత్రమే గదికి వచ్చేవాళ్ళకు ఇది మేలు. చప్పుడు ఉంటుంది. వెనకవైపు గది అడగండి.

బీచ్ రోడ్డు, పాండురంగాపురం, మహారాణిపేట. ముసలివాళ్ళు, చిన్నపిల్లలు ఉన్నవాళ్ళు నా మాట విని, కొంచెం ఎక్కువైనా ఇక్కడ చూడండి. సముద్రం దగ్గర ఉండటంలోని సుఖం దాన్ని చూడటంలోకంటే, ఎప్పుడంటే అప్పుడు వెళ్ళి రాగలగడంలో ఉంది. నాన్నకు ఆయాసం వస్తే పది నిమిషాల్లో గదికి తిరిగొస్తాడు. తగ్గాక మళ్ళీ వెళ్తాడు. పిల్ల నిద్రపోతే ఒకరు తనతో ఉంటారు, మిగతావాళ్ళు వెళ్తారు. కురుసుర సబ్‌మెరైన్, టీయూ-142 విమానం కూడా ఆ రోడ్డు మీదే ఉన్నాయి. బొగ్గుబాయిలో పనిచేసిన మనిషి సబ్‌మెరైన్ లోపలి ఇరుకు దారిలో నడిచేటప్పుడు పక్కనుండి చూడండి. మనకు కనిపించని పైపులు, వాల్వులు ఆయన కంట పడతాయి, ఆగి ఆగి చూస్తాడు. కాకపోతే దాంట్లో గడపలు ఎత్తు, తల వంచి దూరాలి. మోకాళ్ళ నొప్పి ఎక్కువ ఉంటే బయటి నుంచే చూపించండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. యాప్‌లో "బీచికి 400 మీటర్లు" అని రాసి ఉంటుంది. పాండురంగాపురం నుంచి బీచి రోడ్డుకు దిగుడు దారి. వెళ్ళేటప్పుడు హాయిగా ఉంటుంది, తిరిగొచ్చేటప్పుడు ఎక్కాలి. ఇంక్లైన్ ఎక్కిన మనిషికి ఈ మాట వివరించనక్కర్లేదు. 400 మీటర్ల ఎక్కుడు కంటే ఒక కిలోమీటరు చదును దారి ముసలివాళ్ళకు నయం.

లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ. ఇళ్ళ మధ్య ప్రశాంతంగా ఉంటుంది, కైలాసగిరికి దగ్గర. రెండోసారి వెళ్ళేవాళ్ళకు బాగుంటుంది.

రుషికొండ, సాగర్‌నగర్, ఆపైన భీమిలి. ఫోటోల్లో మనల్ని లాగేవి ఇవే. రుషికొండ బీచి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందింది, ఇసుక శుభ్రంగా ఉంటుంది. గదులు ఖరీదు. తినడానికి, మందుకు, మాకుకు మళ్ళీ ఊళ్ళోకి రావాలి. స్టేషన్ నుంచి రుషికొండ మీదుగా భీమిలికి 900కె బస్సు ఉందిగానీ, రాత్రి తొమ్మిదింటికి జ్వరం వచ్చిన పిల్లతో బస్సు కోసం చూడలేం కదా. కొత్తగా పెళ్ళయినవాళ్ళు, స్నేహితులు అయితే నిశ్చింతగా వెళ్ళండి. పెద్ద కుటుంబమైతే పగలు వెళ్ళి రండి, రాత్రి ఊళ్ళో పడుకోండి.

పాత సలహాలతో కూడా జాగ్రత్త. "రుషికొండ మీద టూరిజం వాళ్ళ హరిత ఉంటది, సముద్రం కనవడ్తది, అండ్లనే దిగుండ్రి" అని మీ బాబాయి చెప్పొచ్చు. ఆయన వెళ్ళినప్పుడు నిజంగానే ఉంది. ఆ రిసార్టును 2021లో కూల్చేశారు. ఎవరు సలహా ఇచ్చినా ముందు అడగాల్సింది, "ఎప్పుడు పోయినవ్?" అని.

4. మన కూలర్ లెక్క అక్కడ పనిచేయదు

రామగుండం ఎండ మనకు తెలియనిదా? మే నెలలో నలభై అయిదు దాటిన రోజులు చూశాం. అయినా కిటికీకి కూలర్ బిగిస్తే క్వార్టర్‌లో నిద్రపడుతుంది. ఎందుకంటే మన గాలి పొడిది. పొడి గాలి తడి గడ్డి గుండా వస్తూ చల్లబడుతుంది. సముద్రం పక్కన గాలిలో అప్పటికే తడి నిండి ఉంటుంది. అక్కడ కూలర్ పెడితే గది ఇంకా జిగటగా తయారవుతుంది. విశాఖలో ఎండ ముప్పై అయిదే అని పేపర్లో చూసి, "మనకు గిదేం లెక్క" అని ఏసీ లేని గది తీసుకున్నవాళ్ళు తెల్లవార్లూ చెమటతో కూర్చున్నారు.

మార్చి నుంచి దసరా దాకా వెళ్తే ఏసీ గది తీసుకోండి, లేదా రెండు వైపులా కిటికీలు ఉండి గాలి ఆడే గది చూడండి. కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ కూడా నడుస్తుందా, ఫ్యానూ లైటూనే నడుస్తాయా అడగండి. డిసెంబర్, జనవరిలో ఏసీ అక్కర్లేదు, ఆ డబ్బుతో బీచికి దగ్గరగా రండి. ఇంకో చిన్న విషయం. ఆ గాలిలో తడి బట్టలు రాత్రికి ఆరవు. బాల్కనీ లేని గదిలో నలుగురి ఉప్పునీళ్ళ బట్టలు ఎక్కడ ఆరేస్తారు? ఒక తాడు, పది క్లిప్పులు సంచిలో వేసుకోండి, మిద్దె మీద ఆరేసుకోవచ్చా అని అడగండి.

5. యాప్‌లో చూడండి, ఫోన్‌లో మాట్లాడండి

ఫోటోలు గదిని చూపిస్తాయి, మెట్లను చూపించవు. మూడు నాలుగు చోట్లు ఎంచుకున్నాక, బస చేసినవాళ్ళు ఈ మధ్య రాసినవి, అందులోనూ తక్కువ చుక్కలు ఇచ్చినవాళ్ళు రాసినవి చదవండి. ఒకరు తిడితే పట్టించుకోకండి. నలుగురు ఒకే మాట రాస్తే, నీళ్ళు రావనో, నల్లులు ఉన్నాయనో, నమ్మండి.

తర్వాత నేరుగా ఫోన్ చేయండి. మాట ఇలా నడవొచ్చు.

"నమస్తే అండి, గోదావరిఖని నుంచి మాట్లాడుతున్నాం. ఇద్దరు పెద్దవాళ్ళతో వస్తున్నాం. లిఫ్టు ఉందా అండి?"

"ఉందండి."

"లిఫ్టు దాకా మెట్లున్నాయా?"

అవతల ఆయన ఒక్క క్షణం ఆగుతాడు. "ఆరు మెట్లుంటాయండి, ముందు."

ఆ రెండో ప్రశ్న చాలామంది అడగరు. అడిగితేనే ఆరు మెట్ల సంగతి బయటపడింది. అదే ఊపులో ఇవి కూడా అడిగేయండి: కిటికీ ఎటు తెరుచుకుంటుంది, రోడ్డు వైపా గోడ వైపా? బాత్‌రూంలో కూర్చునే టాయిలెట్టేనా? వేడినీళ్ళు రోజంతానా, పొద్దున రెండు గంటలా? అదనపు పరుపుకు ఎంత? చెప్పిన అద్దెలో పన్ను కలిసిందా? 7,500 రూపాయలు దాటని గదికి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్‌టీ 5 శాతం, అంతకుముందు 12 ఉండేది. బిల్లులో ఎంత వేశారో చూసుకోండి.

"సీ వ్యూ" అన్న మాట వినగానే లొంగిపోకండి. కిటికీలోంచి మెడ చాచితే రెండు భవనాల మధ్య నీలం గీత కనిపించినా సీ వ్యూనే. "మంచం మీంచి కనబడుతుందా, బాల్కనీలోకి వస్తే కనబడుతుందా?" అని అడగండి. విశాఖలో సముద్రం తూర్పున ఉంది. పొద్దున మంచం మీదే సూర్యోదయం కావాలంటే ఆ గది తీసుకోండి. ఎండెక్కేదాకా పడుకునేవాళ్ళకు ఆ వెలుతురే పగ.

ఫోటోలకు లొంగిపోవడం మన ఒక్కరి బలహీనత కాదు. మధ్యధరా సముద్రంలో గ్రీసు వాళ్ళ సాంటోరిని దీవి ఉంది. తెల్లటి ఇళ్ళు, నీలం గుమ్మటాలు మీరు క్యాలెండర్ల మీద చూసే ఉంటారు. ఆ ఇళ్ళన్నీ నిట్టనిలువు కొండ అంచున మెట్లు మెట్లుగా కట్టినవి. పెట్టె మోసుకుంటూ ఆ మెట్లు దిగాల్సినవాళ్ళు కూడా మనం అడిగే ప్రశ్నే అడగాలి: గది దాకా ఎన్ని మెట్లు?

6. ఏ రోజుల్లో వెళ్తున్నారు?

మనకు డబ్బు చేతికొచ్చే రోజులు, ఊరు నిండిపోయే రోజులు ఒకటే. దసరా సెలవుల్లో బెంగాల్ నుంచి కుటుంబాలకు కుటుంబాలే విశాఖకు, అరకుకు వస్తాయి. కార్తీకంలో ఆదివారాలు, డిసెంబర్ చివరి వారం కూడా అంతే. ఆ రోజుల్లో "పోయినంక చూద్దాం" అంటే, మిగిలిపోయిన గది అడిగినంత ఇచ్చి తీసుకోవడమే. ముందే బుక్ చేయండి, లేదా వాటా డబ్బు బ్యాంకులోనే ఉంచి నవంబర్‌లో మామూలు వారం మధ్యలో వెళ్ళండి. పిల్లలకు రెండు రోజులు బడి పోతే పోయింది.

ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అక్టోబర్, నవంబర్ తుఫాన్ల కాలం. హుద్‌హుద్ విశాఖను కొట్టింది 2014 అక్టోబర్ 12న. అందుకే ఆ నెలల్లో, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిచ్చే బుకింగే చేయండి, వంద రెండొందలు ఎక్కువైనా సరే.

పండుగ రద్దీలో విశాఖ అంత దూరం వద్దనుకుంటే బాపట్ల పక్కన సూర్యలంక ఉంది. విజయవాడ దాటి తెనాలి మీదుగా బాపట్లలో దిగితే తీరం తొమ్మిది కిలోమీటర్లు. ఇసుక పక్కనే టూరిజం హరిత ఉంది, శని ఆదివారాలకు ముందే నిండుతుంది. అక్కడ దొరక్కపోతే బాపట్ల ఊళ్ళో దిగండి, చీకటి పడ్డాక తిరిగి రావడానికి ఆటో మాత్రం ముందే మాట్లాడుకోండి.

7. గుమ్మం దగ్గర చేసే తప్పులు

బుక్ చేసుకున్నా సరే, ఆధార్ కార్డులు బల్ల మీద పెట్టకముందు ఒకరు పైకి వెళ్ళి గది చూసి రండి. కుళాయి తిప్పండి, ఫ్లష్ నొక్కండి, దిండు ఎత్తి దుప్పటి కింద చూడండి, కిటికీ తెరవండి, తలుపు గడియ లోపలి నుంచి పడుతుందో లేదో చూడండి. రెండు నిమిషాల పని. మొహమాటం ఎందుకు? నచ్చకపోతే ఇంకో గది చూపించమని మర్యాదగా అడగండి, చాలాసార్లు చూపిస్తారు.

ఆటో అతను "ఆ లాడ్జీ మూసేశారు సార్, మంచిది నేను చూపిస్తా" అంటే, అక్కడే నిలబడి ఆ లాడ్జీకి ఫోన్ చేయండి.

బీచి ఎదురుగానే గది దొరికిందని పిల్లల్ని "ఆడుకోండి పో" అని వదలకండి. బీచ్ రోడ్డు పక్కనున్న ఆర్కే బీచిలో నీళ్ళు లోపలికి లాగుతాయి, ప్రాణాలు పోయిన చోటది. గోదావరిలో ఈత వచ్చినవాళ్ళకు కూడా ఆ అల కొత్తే. పాదాలు తడుపుకోవడం వరకే, పెద్దవాళ్ళు పక్కన ఉన్నప్పుడే.

మా నాన్నను రెండేళ్ళకు మళ్ళీ విశాఖ తీసుకెళ్ళాను. ఈసారి కాగితం మీద మొదటి పేరు ఆయనదే రాశాను. బీచి రోడ్డుకు రెండు సందుల వెనక, చదును దారిలో, లిఫ్టు ఉన్న చోట గది. అద్దె పోయినసారి కంటే దాదాపు రెట్టింపు, అందుకని నాలుగు రాత్రులు అనుకున్నవి మూడు చేసుకున్నాం. రెండో రోజు పొద్దున లేచేసరికి ఆయన మంచం ఖాళీగా ఉంది. గాబరాగా కిందికి పరిగెత్తాను. బీచి రోడ్డు పిట్టగోడ మీద టీ గ్లాసు పట్టుకుని కూర్చుని ఉన్నాడు, అప్పుడే పొద్దు నీళ్ళలోంచి పైకి వస్తోంది.

"చెప్పకుండ వచ్చినవేందే నాయినా?" అన్నాను.

"లిఫ్టుంది గదరా," అన్నాడు, "దిగొచ్చిన."